డాక్టర్ కావాలో వద్దో తేలనప్పుడు బైపీసీ తర్వాత ఏం చేయాలి

"బైపీసీ తీసుకున్నవా? అయితే డాక్టరమ్మవే!" హనుమకొండలోనైనా, హుజూరాబాద్‌లోనైనా, మంచిర్యాలలోనైనా పదో తరగతి కాగానే చుట్టాల నోట వచ్చే మాట ఇదే. పిల్లలు కూడా కాదనరు. తీరా ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్ ఫారం నింపే వేళకు కొందరికి లోపల పీకులాట మొదలవుతుంది. మార్కులు రావేమోనని ఒకరికి, వచ్చినా ఆ బతుకు మనకు పడుతుందా అని ఇంకొకరికి. ఈ రెండూ ఒకే భయంలా కనిపిస్తాయి గానీ వేర్వేరు. మందు కూడా వేరే.

ఏ రకం సందేహమైనా సరే, దాన్ని నీట్ రిజల్ట్ దాకా నెట్టుకుంటూ పోతే నష్టపోతారు. రిజల్ట్ వచ్చే జూన్ నాటికి ఈఏపీసెట్ (ఫార్మసీ, అగ్రికల్చర్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష) దరఖాస్తు గడువు ఎప్పుడో దాటిపోతుంది, డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పద్ధతి దోస్త్‌లో మొదటి విడత కూడా నడుస్తూనో, అయిపోయో ఉంటుంది. అందుకే రెండో దారిని సెకండియర్ డిసెంబరులోనే ఎంచుకుని పెట్టుకోవాలి. నీట్ పోయాక మిగిలినవాటిలో ఏదో ఒకటి అన్నట్టు తీసుకున్న కోర్సులో మొదటి ఏడాదంతా మనసు నిలవదు. బ్యాక్‌లాగులు పడేది ఎక్కువగా అక్కడే.

ముందు సీటు సంగతి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, 180 నిమిషాలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90 ప్రశ్నలు. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. బయాలజీ సగం కాబట్టి బయాలజీ బాగా వస్తే చాలనుకుంటారు. పోటీలో ఉన్నవాళ్లందరికీ బయాలజీ బాగానే వస్తుంది, ర్యాంకు విడిపోయేది ఫిజిక్స్‌లో. మన బైపీసీ పిల్లలు మ్యాథ్స్ వదిలేసి వస్తారు. లాగరిథమ్, వెక్టర్లు, చిన్నపాటి కాల్క్యులస్ చేతికి అలవాటు లేక, సూత్రం తెలిసి కూడా లెక్క దగ్గర ఆగిపోతారు.

మీరెక్కడ ఉన్నారో తెలుసుకోవడానికి కోచింగ్ సెంటర్ గ్రాండ్ టెస్టు ర్యాంకుల కన్నా నమ్మకమైన పద్ధతి ఒకటుంది. పాత నీట్ పేపర్లు మూడు తీసుకోండి. టైమ్ పెట్టుకుని, ఓఎంఆర్ మీద దిద్దుతూ, ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా రాయండి. అసలు పరీక్ష జరిగేది ఆ వేళకే. తర్వాత తప్పుపోయిన ప్రతి ప్రశ్న పక్కన ఒక అక్షరం రాయండి: విషయమే తెలియకపోతే 'తె', తెలిసీ లెక్కలోనో చదవడంలోనో పొరపాటు పడితే 'పొ', ఊహించి పెడితే 'ఊ'. మూడు పేపర్లకూ కలిపి లెక్కేయండి. 'పొ' ఎక్కువుంటే ఇంకో ఆరు నెలల సాధనతో మార్కులు పెరుగుతాయి. ఫిజిక్స్‌లో 'తె'లు చాలా ఉంటే ఇంటర్ తర్వాత ఏడాదంతా నీట్‌కే చదివే లాంగ్ టర్మ్ కోచింగ్ పనికొస్తుంది, కానీ ఆ ఏడాది ఫిజిక్స్‌ను మొదటి చాప్టర్ నుంచి తవ్వితేనే. బయాలజీలో కూడా 'తె'లే ఎక్కువుంటే మాత్రం ఆగి ఆలోచించాలి. రెండేళ్లు చదివిన తర్వాత కూడా ఆ సబ్జెక్టు పట్టుబడలేదంటే ఇష్టం ఎక్కడుందో చూసుకోవాల్సిందే. 'ఊ'లు ఎన్నున్నా పెద్ద చింత లేదు, ఊహించడం మానేస్తే మైనస్సులు తగ్గుతాయి.

మార్కులను మాత్రం పాత ఏళ్లతో పోల్చుకోవద్దు. 2024లో ఒకరికి మించి 720కి 720 తెచ్చుకున్నారు. 2025లో దేశం మొత్తమ్మీద మొదటి ర్యాంకుకు వచ్చింది 686. పేపర్ అంత కష్టంగా వచ్చింది. "మా బావమరిది కొడుక్కి ఇన్ని మార్కులకే సీటొచ్చింది" అన్న లెక్క అందుకే పనిచేయదు. సీట్ల సంఖ్య కూడా అప్పటిలా లేదు. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీలో ఇప్పుడు 250 సీట్లుంటే, 2022 నుంచి మన వైపే మంచిర్యాల, రామగుండం, జగిత్యాల, మహబూబాబాద్, ఆ తర్వాత జనగామ, భూపాలపల్లి, కరీంనగర్, సిరిసిల్ల, ఆసిఫాబాద్, నిర్మల్, ములుగు, నర్సంపేట ఇలా వరుసగా కాలేజీలు వచ్చాయి. ర్యాంకు చూసుకోవాలంటే వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ గత ఏడాది పెట్టిన కాలేజీలవారీ అలాట్‌మెంట్ లిస్టులు తీయండి. మొదటి విడత లిస్టు ఒక్కటే చూస్తే నిరాశ, ఆఖరి విడత ఒక్కటే చూస్తే అత్యాశ. రెండూ పక్కపక్కన పెట్టి, మీ కేటగిరీలో, లోకల్ కోటాలో, ప్రభుత్వ కాలేజీల్లో చివరి సీటు ఏ ర్యాంకుకు పోయిందో గీత గీయండి. మీ ర్యాంకు ఆ రెండు గీతల మధ్య ఉంటే ఆశ పెట్టుకోవచ్చు, రెండో దారిని మాత్రం వదలొద్దు.

లోకల్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. ఎంబీబీఎస్ రాష్ట్ర కోటాకు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలన్నది 2024 నాటి నిబంధన. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కొందరు ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి, మిగతావారికి లేవు. మంచి కోచింగ్ అని ఇంటర్‌కు విజయవాడకో, రాజస్థాన్‌లోని కోటాకో పంపాలనుకునే తల్లిదండ్రులు ముందు ఇది చదువుకోవాలి. ఇంటర్ ఇక్కడే పూర్తిచేసి, తర్వాత లాంగ్ టర్మ్‌కు ఎక్కడికి వెళ్లినా ఈ చిక్కు లేదు.

డబ్బు లెక్క కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ప్రభుత్వ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. ప్రైవేటులో సగం సీట్లు 'ఏ' కేటగిరీ, అంటే కన్వీనర్ కోటా, ఫీజు చాలాకాలంగా 60 వేలు. బీ కేటగిరీకి, అంటే మేనేజ్‌మెంట్ కోటాకు వచ్చేసరికి ఏడాదికి సుమారు 11 నుంచి 13 లక్షలు. సీ కేటగిరీకి, అంటే ఎన్‌ఆర్‌ఐ కోటాకు, దానికి రెట్టింపు దాకా. బీ కేటగిరీలో చేరితే ట్యూషన్ ఫీజే అర కోటి దాటుతుంది, ఆ కోటాకు రీయింబర్స్‌మెంట్ ఉండదు. డాక్టర్ కావాలో వద్దో తేలని పిల్లవాడి పేరు మీద పొలం అమ్మి బీ కేటగిరీ సీటు కొనడం సరైన పని కాదని గట్టిగానే చెబుతాను. చేరాక నచ్చకపోయినా "ఇంత పెట్టినం గదా" అన్న మాట వాణ్ని కదలనివ్వదు. విదేశీ ఎంబీబీఎస్‌కూ ఇదే వర్తిస్తుంది. దానికి నీట్ క్వాలిఫై కావాలి, 54 నెలలకు తగ్గని కోర్సు కావాలి, అక్కడొక ఏడాది, ఇక్కడొక ఏడాది ఇంటర్న్‌షిప్ కావాలి, వచ్చాక విదేశీ పట్టా ఉన్నవాళ్లకు ఇక్కడ పెట్టే పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 300కి 150 తెచ్చుకోవాలి. ఏజెంటు ఈ చివరి మెట్టును ఒక్క ముక్కలో దాటేస్తాడు.

ఇక రెండో రకం సందేహం: సీటు వచ్చినా ఆ పని నాకు పడుతుందా? ఎంబీబీఎస్ అంటే నాలుగున్నరేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. 18 ఏళ్లకు చేరితే బయటికొచ్చేసరికి 23 దాటుతాయి. ఆపైన నీట్ పీజీ, మూడేళ్ల ఎండీ లేదా ఎంఎస్. ఎక్కడా ఆగకుండా పోయినా స్పెషలిస్టు బోర్డు పెట్టేసరికి 27, 28. ఇంటర్‌లో కలిసి చదివిన ఇంజనీరింగ్ స్నేహితుడు అప్పటికి ఆరేళ్లుగా జీతం తీసుకుంటూ ఉంటాడు. ఈ తేడాను భరించే ఓపిక ఇంట్లో ఉందా అన్నది తల్లిదండ్రులు కూడా జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, శవాన్ని కోయాలంటే భయం — వీటిని పెద్ద కారణాలుగా తీసుకోవద్దు. అనాటమీ హాల్లో ఫార్మలిన్ ఘాటుకు మొదటి వారం కళ్ల నీళ్లు కారతాయి, నెల తిరిగేసరికి అలవాటవుతుంది. అలవాటు కానివి వేరే ఉన్నాయి. రోజూ కొత్త మనుషులతో మాట్లాడాలంటే విసుగు, చెప్పిందే పదిసార్లు చెప్పాలంటే చిరాకు, నిద్ర చెడితే మనిషి మనిషిలా ఉండకపోవడం, వందల పేజీలు బట్టీ పట్టాలంటే ప్రాణం మీదికి రావడం. ఇవి ఇంటర్‌లో ఎలా ఉన్నాయో హౌస్‌సర్జన్సీలోనూ దాదాపు అలాగే ఉంటాయి.

పరీక్షించుకోవడానికి సెలవుల్లో మూడు పొద్దులు చాలు. మీ మండలంలోని పీహెచ్‌సీకి వెళ్లి, మెడికల్ ఆఫీసర్‌ను అడిగి, ఉదయం తొమ్మిదింటి నుంచి ఓపీ పూర్తయ్యేదాకా ఒక మూల కూర్చోండి. రోగుల వివరాలు రాసుకోవద్దు, ఫోన్ బయటికి తీయొద్దు. చూడాల్సింది వింత రోగాలను కాదు. జ్వరం, కీళ్ల నొప్పి, షుగరు, బీపీ, గర్భిణుల చెకప్ మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఇరవయ్యో జ్వరం కేసులో కూడా "ఎన్ని రోజులైంది? చలి పెడుతుందా? మూత్రం మంటగా ఉందా?" అని డాక్టర్ అడిగే వరుసను గమనించాలనిపించిందా, గడియారం చూడాలనిపించిందా? మధ్యలో నర్సు వేసే ఇంజక్షన్, ల్యాబ్ టెక్నీషియన్ మలేరియా స్లైడ్, ఫార్మసిస్టు మందుల లెక్క — వీటిలో మీ చూపు దేని మీద నిలిచిందో కూడా రాసుకోండి. చాలామందికి కోర్సు దొరికేది అక్కడే.

చూపు నిలిచింది మైక్రోస్కోప్ మీదైతే, మందు లోపల ఎలా పనిచేస్తుందన్న దాని మీదైతే, మీకు కావాల్సింది బయాలజీయే గానీ వైద్యం కాకపోవచ్చు. అప్పుడు ఈఏపీసెట్‌ను సీరియస్‌గా తీసుకోవాలి. బైపీసీ స్ట్రీమ్‌కు 160 ప్రశ్నలు, బాటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ నలభై నలభై. మైనస్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. నీట్ అలవాటుతో తెలియనివి వదిలేసి వచ్చే పిల్లలు ఇక్కడ ఊరికే ర్యాంకు పోగొట్టుకుంటారు.

ఇంకో తప్పు దీనికన్నా పెద్దది. ఈఏపీసెట్ ర్యాంకు ఒక్కటే, దానితో తెరుచుకునే తలుపులు మూడు, మూడింటికీ దరఖాస్తులు వేర్వేరు. ఫార్మసీ సీట్లకు ఈఏపీసెట్ బైపీసీ కౌన్సెలింగ్. అగ్రికల్చర్, వెటర్నరీ, హార్టికల్చర్ సీట్లకు జయశంకర్ వ్యవసాయ యూనివర్సిటీ విడిగా ఇచ్చే నోటిఫికేషన్. బీఎస్సీ నర్సింగ్‌కు కాళోజీ యూనివర్సిటీ నోటిఫికేషన్. ర్యాంకు వచ్చింది కదా, సీటు అదే వస్తుందని కూర్చుని, వ్యవసాయ యూనివర్సిటీ దరఖాస్తు తేదీ దాటిపోయాక పరుగెత్తేవాళ్లు ఏటా ఉంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ మూడు వెబ్‌సైట్లూ వారానికి రెండుసార్లు చూడండి.

మన ప్రాంతం పిల్లలు తక్కువ చేసి చూసే కోర్సు బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్. నాలుగేళ్లు. "నాగలి పట్టడానికి డిగ్రీ ఎందుకు?" అని ఇంట్లోనే నవ్వుతారు. లోపల చదివేది సాయిల్ సైన్స్, ఎంటమాలజీ, ప్లాంట్ పాథాలజీ, జెనెటిక్స్, ప్లాంట్ బ్రీడింగ్. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిని కొన్నేళ్లుగా నల్ల తామర పురుగు ఎలా దెబ్బతీసిందో, పత్తి కాయలో గులాబీ రంగు పురుగు ఎలా దాక్కుంటుందో ఊళ్లో ప్రతి రైతుకూ తెలుసు. లక్షణం చూడటం, కారణం పట్టడం, మందు మోతాదు చెప్పడం అనే పని ఇక్కడా ఉంది, రోగి మాత్రమే మొక్క. వరంగల్‌లో, జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ కాలేజీలు, వాటితోపాటు పరిశోధనా స్థానాలు ఉన్నాయి. చివరి ఏడాది పిల్లల్ని ఊళ్లలో రైతుల దగ్గరికి పంపుతారు. పొలం ఉన్న కుటుంబాల పిల్లలకు రైతు కోటా ఉంటుంది, దానికి భూమి పాసుపుస్తకం కాగితాలు సరిగా ఉండాలి. భూమి తాత పేరు మీదే ఉండి మారకపోవడం ఇక్కడ తరచూ వచ్చే చిక్కు, ముందే తహసీల్ ఆఫీసులో కదిలించాలి. చదువయ్యాక అగ్రికల్చర్ ఆఫీసర్ పోస్టులు, విత్తన కంపెనీలు, బ్యాంకులు, పీజీ.

వైద్యం చేయాలని ఉండీ ఎంబీబీఎస్ ర్యాంకు రానివారికి నాకు తోచిన మొదటి మాట వెటర్నరీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, సర్జరీ ఉంటుంది, మందు రాసే హక్కు ఉంటుంది. మామునూరులోనూ, కోరుట్లలోనూ కాలేజీలున్నాయి. సీట్లు తక్కువ, కాబట్టి ర్యాంకు గట్టిగానే కావాలి. ఆయుర్వేదం, హోమియోలకు నీట్ ర్యాంకే చూస్తారు. అవి కూడా ఐదున్నరేళ్లు. ఆ వైద్య పద్ధతి మీద నమ్మకం ఉంటేనే చేరాలి, పేరు ముందు డాక్టర్ కోసమైతే వద్దు.

ఫార్మసీలో గందరగోళం ఎక్కువ. మెడికల్ షాపుకు రెండేళ్ల డీ ఫార్మసీ చాలు. బీ ఫార్మసీ నాలుగేళ్లు, కంపెనీ, క్వాలిటీ కంట్రోల్, ఆపైన జీప్యాట్ రాసి ఎం ఫార్మసీ. ఫార్మ్ డీ ఆరేళ్లు, పేరు ముందు డాక్టర్ పెట్టుకుంటారు గానీ రోగికి సొంతంగా మందు రాసే అధికారం ఉండదు. ఈ ముక్క చేరేముందు తెలియక, నాలుగో ఏట తెలిసి కుంగిపోతుంటారు. నర్సింగ్ నాలుగేళ్లు. జర్మనీ, జపాన్ వైపు ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నర్సులను పంపుతోంది, మగపిల్లలు కూడా తీసుకోవచ్చు. ఫిజియోథెరపీ, ల్యాబ్, అనస్థీషియా టెక్నాలజీ లాంటి అలైడ్ కోర్సుల నిబంధనలు మారుతున్నాయి, ఆ ఏటి నోటిఫికేషన్‌లో అర్హత చదివాకే అడుగు వేయండి.

ఇంకా ఏదీ తేలకపోతే బీఎస్సీ. దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు చూసి సబ్జెక్టుల కాంబినేషన్ చూడకుండా నొక్కేస్తారు. నా సలహా ఒక్కటే: కాంబినేషన్‌లో కెమిస్ట్రీ ఉండాలి. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ తీసుకున్నా, మైక్రోబయాలజీతో కలిపి తీసుకున్నా, కెమిస్ట్రీ ఉంటే మూడేళ్ల తర్వాత బయాలజీ వైపూ పోవచ్చు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి హైదరాబాద్ మందుల కంపెనీల వైపూ పోవచ్చు. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ మూడూ కలిపి తీసుకుంటే వినడానికి బాగుంటుంది, బయటికి దారులు తగ్గుతాయి. టీచింగ్ మీద మనసుంటే బాటనీ, జువాలజీ వదలొద్దు. జూనియర్ లెక్చరర్ పోస్టుకు ఆ సబ్జెక్టులోనే పీజీ అడుగుతారు. డిగ్రీ చివర్లో పీజీ సీట్ల కోసం సీపీగెట్‌తో పాటు ఐఐటీ జామ్ కూడా రాయవచ్చు, అందులో బయోటెక్నాలజీ పేపర్ ఉంది. పరిశోధనే కావాలనుకుంటే ఇంటర్‌లోనే ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థల) పరీక్ష రాయాలి. నాలుగు సబ్జెక్టుల్లో పదిహేనేసి ప్రశ్నలుంటాయి, వాటిలో మ్యాథ్స్ ఒకటి, కాబట్టి బైపీసీవాళ్లు మిగతా మూడింటిలో ఏమీ వదలకూడదు.

బీఎస్సీ చదువుతూ మళ్లీ నీట్ రాయొచ్చా? రాయొచ్చు. గరిష్ఠ వయసు పరిమితిని 2022లో తీసేశారు. సిలబస్ మాత్రం ఇంటర్‌దే, డిగ్రీ మొదటి ఏడాది గడిచేసరికి ఫిజిక్స్ మర్చిపోతారు. అందుకే లాంగ్ టర్మ్ తీసుకుంటే ఇంటర్ అయిన వెంటనే, ఒక్కసారే. రెండోసారి వెళ్లేవాళ్లు పైన చెప్పిన 'తె', 'పొ', 'ఊ' లెక్క మళ్లీ వేసి, ఏడాదిలో ఏ అంకె మారిందో చూపించగలిగితేనే వెళ్లాలి.

పదో తరగతిలో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట. బైపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్ పూర్తిగా మూసుకుపోదు. ఇంటర్ బోర్డు మ్యాథ్స్ బ్రిడ్జి కోర్సు పెడుతుంది, దాంతో బయోటెక్నాలజీ లాంటి కొన్ని బ్రాంచీలకు పోవచ్చు. మరోవైపు ఎంపీసీ చదివినవారు బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసై నీట్ రాయొచ్చని జాతీయ మెడికల్ కమిషన్ 2023 నవంబరులో చెప్పింది. రెండు దార్లూ ఉన్నాయి గానీ, మొదటిది తేలిక.

చివరగా కాగితాల సంగతి. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మేలోపే మీసేవలో తీయించుకోండి. ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి. దోస్త్‌కు ఆధార్‌తో లింకైన ఫోన్ నంబరు ఉండాలి. నాన్న పాత నంబరు పోయి, ఓటీపీ రాక, మొదటి విడత పోగొట్టుకునేవాళ్లున్నారు. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే అని గుర్తుంచుకోండి. డిగ్రీలోనో ఫార్మసీలోనో చేరి మెడికల్ కౌన్సెలింగ్ కోసం ఎదురుచూసేవారు చేరే రోజే అడగాల్సింది ఒకటుంది: మధ్యలో వెళ్లిపోతే టీసీ, ఇంటర్ మెమో ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎంత కట్టమంటారు? మిగతా ఏళ్ల ఫీజు కడితేనే కాగితాలు ఇస్తామనే కాలేజీలున్నాయి, కౌన్సెలింగ్‌లో రిపోర్ట్ చేయడానికి ఇచ్చే గడువేమో నాలుగైదు రోజులే. ఒరిజినల్స్ ఇస్తే ఏవేవి ఇచ్చారో రాసిన రసీదు మీద స్టాంపు వేయించుకోండి.